ఒక యంత్రవంశ చరిత్ర

కార్తీక మాసపు రాత్రులలో తూర్పు దిక్కున గుంపుగా పొడిచే చిన్న చుక్కలను మన పల్లెలలో పిల్లలకోడి అంటారు. పంచాంగం తెలిసినవారు వానినే కృత్తికలంటారు. అరబ్బీ, ఉర్దూ చదివినవారికి అవి సురయ్యా. ఆ పేరు గల ఆడపిల్లలు మన కళాశాలలోనే ఉన్నారు. అవే చుక్కలను జపాను దేశస్థులు సుబారు అంటారు. ఒకే చుక్కల గుంపునకు గల ఇన్ని పేర్లలో ఆ చివరి పేరు ఒక మోటారు కారుకు స్థిరపడినది. ఆరు చుక్కల ముద్రను ధరించి తిరిగే ఆ కారులోని ఇంజనును గురించి, దాని ముందు వెనుకల తరాలను గురించి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచినాము.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఇంజనులతో పని యేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. మేము బ్రతుకుతున్నది మాటలతోనే గాని, పుట్టినది పనిముట్లు గల ఇంట. మా అమ్మ తండ్రిగారు దూదేకు విల్లు భుజాన వేసుకొని సత్తెనపల్లి చుట్టుపట్ల గ్రామాలలో పరుపులకు దూది ఏకినవారు. వింటినారి మ్రోత వినియే దూది ఎంతవరకు విడివడినదో చెప్పేవారట. ఆయన కుమారుడు, మా మేనమామగారు, పత్తి జిన్నింగు మిల్లులో ఆయిల్ ఇంజను దగ్గర కుర్రవాడుగా చేరి, మేస్త్రీ అయి, కొన్నేళ్లకు రోడ్డు ప్రక్కన సొంత షెడ్డు పెట్టుకొన్నారు. పొలాల ఆయిల్ ఇంజనులు, ట్రాక్టర్లు, జీపులు, అంబాసిడర్ కార్లు ఆయన చేతి మీదుగా ఎన్ని వెళ్లినవో లెక్క లేదు. ఇప్పుడాయనకు డెబ్బది దాటినవి. చూపు మందగించినది. చెవి మాత్రం మందగించలేదు. రోడ్డు మీద పోయే బండి ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో మంచం మీద కూర్చొనియే చెప్పగలరు. వింటినారికీ ఇంజనుకూ మధ్య ఒక చెవి వారసత్వంగా వచ్చినదని మా నమ్మకం.

మా పెద్దమ్మ కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటాడు. మన జిల్లాలనుండి వెళ్లిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నవి. నిరుటి చలికాలంలో అతడు సుబారు కారు కొని, వీడియో ఫోనులో బానెట్ ఎత్తి మామయ్యగారికి చూపించినాడు. ఆయన ఫోనును కంటికి ఆనించి చాలాసేపు చూచి, "ఏరా, ఇంజను ఎక్కడ? నిలబడి ఉండవలసిందానిని పడుకోబెట్టినట్టున్నారే!" అన్నారు. తరువాత మా వైపు తిరిగి, "సిలిండర్లు పడుకోబెడితే పిస్టను బరువు ఒకవైపే రాయదా అల్లుడూ? ఆయిలు క్రిందికి మడుగు కట్టదా? ఇన్ని పుస్తకాలు చదువుతావు గదా, ఇది కూడా చదివి చెప్పు" అన్నారు. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నయే.

మనకు పరిచయమైన నాలుగు సిలిండర్ల ఇంజనులో సిలిండర్లు బారులో నిలిచిన విద్యార్థుల వలె వరుసగా నిలబడి ఉంటాయి. అంబాసిడర్ కారులో దీర్ఘకాలం వాడిన 1489 సి.సి. ఇంజను అట్టిదే. రెండు పిస్టన్లు పైకి పోవునప్పుడు రెండు క్రిందికి దిగుతాయి. పైకి పోయే ఊపును క్రిందికి దిగే ఊపు అణచివేయవలెను గదా అనిపిస్తుంది. కాని కనెక్టింగ్ రాడ్డు తిరుగుచు ఏటవాలుగా వంగడం వలన పిస్టను తన దారిలోని పై సగంలో ఒక వేగంతో, క్రింది సగంలో మరొక వేగంతో నడుస్తుంది. అందుచేత ఆ రెండు ఊపులు పూర్తిగా సరిపోవు. మిగిలిన ఊపు ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇంజనును వణికిస్తుంది. పాత కారులో కూర్చున్నవారి మోకాళ్లకు ఆ వణుకు తెలుసును.

పరుండబెట్టిన ఇంజనులో రెండు సిలిండర్లు ఎడమకు, రెండు కుడికి ఉంటాయి. నడుమ క్రాంకు షాఫ్టు తిరుగుతుంది. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి లోపలికి వస్తాయి. మన పేటలోని తాలీంఖానాలో సమాన బలం గల ఇద్దరు పహిల్వానులు ఒకరి అరచేతులపై ఒకరు అరచేతులు మోపి నెట్టుకొన్నప్పుడు ఇద్దరూ కదలరు గదా, ఇదియు అట్టిదే. ఒకదాని ఊపును దాని ఎదుటిదే ఆపివేస్తుంది. పిడికిళ్ల వలె కదిలే ఆ పిస్టన్లను చూచియే దీనికి బాక్సర్ ఇంజను అని పేరు వచ్చినది. అయితే ఎదురెదురు సిలిండర్లు సరిగ్గా ఒకే గీత మీద ఉండవు. కొద్దిగా ముందు వెనుకలుగా ఉంటాయి. ఆ తేడా వలన పడవ అల్లాడినట్టు స్వల్పమైన అల్లాట మిగులుతుంది. బరువు నేలకు దగ్గరగా ఉండడం చేత కారు మలుపులలో నిలకడగా నడుస్తుంది.

గుణాలు ఇన్ని ఉండగా లోకంలోని కార్లన్నీ దీనినే ఎందుకు అవలంబించలేదు? దోషాలు కూడ అన్ని ఉన్నవి గనుక. ఒక సిలిండరు హెడ్డు చాలినచోట రెండు కావలెను. గాస్కెట్లు రెండు, వాల్వులను నడిపే సరంజామా రెండువైపులా. ఖర్చు పెరుగుతుంది. ఇంజను అడ్డంగా వెడల్పు కావడం వలన స్పార్కు ప్లగ్గు మార్చడానికి కూడ మెకానిక్కు చేయి దూరదు. మామయ్యగారి మొదటి అనుమానానికి సమాధానం ఊరటనిచ్చేదే. తిరిగే రాడ్డు పిస్టనును ప్రక్కకు నెట్టే ఒత్తిడి ముందు పిస్టను స్వంత బరువు లెక్కలోనిది కాదు. కాని రెండవ అనుమానం నిజమైనది. ఇంజను ఆగినప్పుడు ఆయిలు, నీరు పల్లపు అంచులకు చేరి అతుకుల దగ్గర ఊరడానికి ఎదురుచూస్తూ ఉంటాయి. ఫోనులో ఒక్కసారి చూచిన మనిషి ఆ బలహీనతను పట్టుకొన్నారు.

ఈ యంత్రవంశానికి మూలపురుషుని వెదకితే జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ వద్దకు చేరుతాము. 1896లో ఆయన రెండు సిలిండర్లను ఎదురెదురుగా పరుండబెట్టిన ఇంజనును రూపొందించినాడు. నాలుగు సిలిండర్ల రూపాన్ని సామాన్యుల ఇంటి ముంగిటికి తెచ్చినది ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు. 1930వ దశకంలో ఫెర్డినాండ్ పోర్షా కార్యాలయంలో ఫ్రాంజ్ రైమ్‌స్పీస్ అనే ఇంజనీరు దాని ఇంజనును గీచినాడు. మొదట 985 సి.సి., దాదాపు 24 అశ్వశక్తి. నీరు లేదు, రేడియేటరు లేదు. ఫ్యాను గాలితోనే చల్లబడుతుంది. దాని పుట్టుక నియంత పాలనలో జరిగినది. వారం వారం పొదుపు బిళ్లలు కొని కారు కొరకు వేచిన 3 లక్షలకు పైబడిన జర్మనులకు కారు అందనే లేదు. కర్మాగారం యుద్ధ వాహనాలు చేసినది. 1945లో బ్రిటిషు సైన్యపు అధికారి ఐవాన్ హర్స్ట్ శిథిలాల నడుమ ఆ కర్మాగారాన్ని మరల నడిపించినాడు. అటు తరువాత ఆ ఇంజనే 1131, 1192, చివరకు 1584 సి.సి.ల వరకు పెరిగినది. 1972 ఫిబ్రవరి 17న బీటిల్ ఫోర్డు మోడల్-టి కారు సంఖ్యను దాటినది. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి కారు బయటికి వచ్చేనాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలు దాటినవి.

అదే మార్గాన మరికొందరు నడిచినారు. ఫ్రాన్సులో 1970లో సిట్రోయెన్ సంస్థ జి.ఎస్. కారుకు, ఇటలీలో 1971లో ఆల్ఫా రోమియో సంస్థ ఆల్ఫాసూద్ కారుకు ఇట్టి ఇంజనులనే అమర్చినవి. కొన్ని దశాబ్దాలలో ఆ రెండు సంస్థలూ వానిని విడిచిపెట్టి, ఖర్చు తక్కువైన నిలువు ఇంజనుల వైపు మరలినవి.

మన దేశపు రోడ్లపై ఈ ఇంజను అరుదు గాని, మన ఆకాశానికి క్రొత్త కాదు. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు పుష్పక్ అనే రెండు సీట్ల శిక్షణ విమానాన్ని నిర్మించినారు. అది 1958లో మొదట ఎగిరినది. పురాణ విమానపు పేరు పెట్టుకొన్న ఆ చిన్న విమానపు ముక్కులో 90 అశ్వశక్తి గల కాంటినెంటల్ వారి పరుండబెట్టిన నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. హైదరాబాదు బేగంపేటలో సెస్నా 152 మీద శిక్షణ పొందిన తెలుగు యువకులను ఆకాశానికి ఎత్తినది కూడ ఇదే జాతి ఇంజను. విమానానికి తేలిక ముఖ్యం, గాలికి ఎదురుగా సిలిండర్లు చాచుకొని ఉండడం ముఖ్యం. అందుచేత అక్కడ ఈ రూపం నిలిచినది.

సుబారు కథకు కూడ పునాది విమానమే. 1917లో చికుహే నకజిమా స్థాపించిన విమాన సంస్థ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపానుకు వేలకొలది విమానాలు చేసి ఇచ్చినది. యుద్ధంలో ఓటమి తరువాత విమానాలు చేయరాదన్నారు. సంస్థ ముక్కలైనది. చేతిలో విద్య ఉన్నది, చేయడానికి పని లేదు. మిగిలిపోయిన విమానాల తోకచక్రాలతో వారు రాబిట్ అనే స్కూటరు చేసినారు. విడిపోయిన ముక్కలలో అయిదు కలిసి 1953లో ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అయినవి. కారు ముద్రలోని పెద్ద చుక్క క్రొత్త సంస్థకు, అయిదు చిన్న చుక్కలు కలిసిన సంస్థలకు గుర్తు. విమాన ఇంజనీరుగా పనిచేసిన షిన్‌రోకు మొమొసె నాయకత్వంలో సుబారు 1000 అనే కారు 1966లో అమ్మకానికి వచ్చినది. అందులోని 977 సి.సి. ఇంజను 55 అశ్వశక్తిని ఇచ్చేది. నీటితో చల్లబడేది. ముందు చక్రాలను నడిపేది. ఇ.ఎ. అని పిలువబడిన ఆ ఇంజనే ఈ వంశంలో మొదటి తరం.

ఇంజను కారుకు నట్టనడుమ, దాని వెనుక గేరు బాక్సు, ఇరువైపులా సమానమైన పొడవు గల షాఫ్టులు. కావడికి రెండు వైపులా సమానంగా కుండలు కట్టినట్టున్న ఆ అమరిక మరొక మేలు చేసినది. మంచు కొండలలోని విద్యుత్ తీగలను తనిఖీ చేయడానికి జీపు కంటె సుఖమైన బండి కావలెనని తోహొకు విద్యుత్ సంస్థవారు అడిగినప్పుడు, ఆ గేరు బాక్సునుండి వెనుక చక్రాలకు ఒక షాఫ్టు పొడిగించితే చాలినది. 1971లో మచ్చుకు కొన్ని బండ్లు తయారైనవి. మరుసటి సంవత్సరమే నాలుగు చక్రాలూ నడిచే లియోన్ కారు బజారుకు వచ్చినది. ఇంజను ఆకారం కారు ఆకారాన్ని నిర్ణయించినది. కారు ఆకారం సంస్థ బ్రతుకును నిర్ణయించినది.

1989లో రెండవ తరం, ఇ.జె. ఇంజను, లెగసీ కారుతో కూడ వచ్చినది. మొదటి తరంలో క్రాంకు షాఫ్టును మూడు ప్రధాన బేరింగులు మోసేవి. ఇందులో అయిదు మోసినవి. మోసే భుజాలు పెరిగితే శక్తిని పెంచినా షాఫ్టు వంగదు. ఆ ఏడాది ఆరంభంలో అమెరికాలోని అరిజోనాలో లెగసీ కార్లను రాత్రింబవళ్లు నడిపి, లక్ష కిలోమీటర్లను గంటకు సగటున 223 కిలోమీటర్ల వేగంతో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పినారు. 1995 నుండి 1997 వరకు వరుసగా మూడేండ్లు ప్రపంచ ర్యాలీలలో తయారీదారుల విజేతగా సుబారు నిలిచినదీ ఈ ఇంజనుతోనే.

కీర్తితోపాటు అపకీర్తియు కలిగినది. 1990వ దశకపు చివరినాటి రెండున్నర లీటర్ల ఇంజనులలో హెడ్ గాస్కెట్లు కారడం లోకమంతటా తెలిసినది. మామయ్యగారు ఫోనులో పట్టుకొన్న బలహీనత అక్కడ బయటపడినది. పలు పొరల ఉక్కు గాస్కెట్లను వాడుకలోకి తెచ్చి దానిని క్రమంగా చక్కదిద్దినారు. 2010లో మూడవ తరం, ఎఫ్.బి. ఇంజను వచ్చినది. ఇక్కడ రెండు కొలతలు చెప్పితే విజ్ఞాన విద్యార్థులకు విషయం బోధపడుతుంది. రెండు లీటర్ల ఇ.జె. ఇంజనులో సిలిండరు వ్యాసం 92 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75. రెండు లీటర్ల ఎఫ్.బి. ఇంజనులో వ్యాసం 84, నడక 90. లోపలి పరిమాణం దాదాపు ఒకటే గాని, పొట్టి పాత్ర పోయి పొడుగు పాత్ర వచ్చినది. ఇరుకైన పాత్రలో మండిన ఇంధనపు వేడి గోడలకు తక్కువగా పోతుంది. పెట్రోలు ఆదా అవుతుంది. కాని పరుండబెట్టిన ఇంజనులో నడక పెంచితే ఇంజను వెడల్పు పెరిగి కారులో పట్టదు. అందుకని కనెక్టింగ్ రాడ్డు పెద్ద కంటిని అడ్డంగా కాక ఏటవాలుగా చీల్చి బిగించే ఉపాయం పన్నినారు. తరచుగా మార్చవలసిన టైమింగు బెల్టుకు బదులు గొలుసు పెట్టినారు. 2019లో ఆఖరి ఇ.జె. ఇంజనులతో 555 కార్లను ప్రకటించి జపానులో ఆ తరానికి వీడ్కోలు పలికినారు. మూడు దశాబ్దాల ఆయువు ఒక ఇంజనుకు తక్కువ కాదు.

ఇదంతా మామయ్యగారికి కొన్ని సాయంకాలాలలో చదివి చెప్పినాము. ఆయన శ్రద్ధగా విని, "ఇన్ని తిప్పలు పడేకంటె అందరిలాగా నిలబెట్టి ఉండరాదా? ఎందుకు వదల్లేదు వాళ్లు?" అన్నారు. మేము ఆలోచిస్తుండగా తామే మరల, "వదలరులే. ఇల్లు కట్టినాక నడిమి స్తంభం ఎవరైనా తీస్తారా? దాని జబ్బు ఏదో యాభై ఏళ్లుగా తెలుసుకొన్నారు. తెలిసిన జబ్బుకు మందుంటుంది" అన్నారు.

ఆ మాట మాకు చాలాకాలం మనసులో మెదిలినది. ఒకరు కనిపెట్టినారు, లోకం మారినది అని మన పాఠ్యపుస్తకాలు చెప్పుతాయి. ఈ వంశచరిత్ర అట్లా చెప్పడం లేదు. బెంజ్ తరువాత దీనిని క్రొత్తగా కనిపెట్టినవారు లేరు. ఉన్నదానిని విడువకుండా, దాని దోషాన్ని దాచకుండా, ఒక బేరింగు, ఒక గాస్కెట్టు, ఒక రాడ్డు చొప్పున సవరిస్తూ వచ్చిన వందలమంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా ముద్రింపబడలేదు. కారిన గాస్కెట్టును మొదట చూచినది ఏదో ఒక ఊరిలోని మెకానిక్కే అయి ఉండవలెను. అతడు చెప్పినది గీత గీచే ఇంజనీరు చెవిని పడినప్పుడే తరువాతి తరం పుట్టినది.

మన ఊరి సంగతికి వస్తే ఆ రెండు చెవులకూ నడుమ దారి మూసుకొనిపోయినది. మన కళాశాలలో చదివే పిల్లలలో ఎందరి తండ్రులో షెడ్డులలో, లేతు మిషన్ల దగ్గర, పంక్చరు దుకాణాలలో పనిచేస్తున్నారు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట వ్యాపారం అని వ్రాసి తల వంచుకొనే విద్యార్థులను మేము చూచినాము. మా మామయ్యగారి మనుమడు మా వద్దనే బి.ఎస్సీ. చదువుతున్నాడు. భౌతికశాస్త్రంలో మంచి మార్కులు వస్తాయి. షెడ్డు స్థలానికి ఇప్పుడు మంచి ధర పలుకుతున్నది. అమ్మివేసి ఆ సొమ్ముతో కుర్రవానిని హైదరాబాదుకు పంపి సాఫ్ట్‌వేరు నేర్పించాలని తండ్రి పట్టుదల. కన్ను మూసేదాకా తలుపు తెరిచి ఉండవలెనని తాతగారి పట్టుదల. ఇంట మాటలు తగ్గినవి. ఇరువురూ ఆ పిల్లవాని మేలే కోరుతున్నారు గనుక ఎవరి పక్షం వహించడానికీ మాకు నోరు రాలేదు.

కాలం కూడ తండ్రి వైపే ఉన్నట్టున్నది. 2014లో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయినది. మన వీధులలో బ్యాటరీ ఆటోలు చప్పుడు లేకుండా తిరుగుతున్నవి. చెవికి వాటితో పని లేదు. సుబారు వారు సైతం 2022లో పిస్టనే లేని విద్యుత్ కారును టొయోటాతో కలిసి విడుదల చేసినారు. అయినను దోషాన్ని విని పట్టుకొనే విద్యకు కాలం చెల్లలేదని మా అభిప్రాయం. విల్లు పోయిన తరువాత ఆ చెవి ఇంజనుకు పనికి వచ్చినది. ఇంజను పోయిన తరువాత మరొకదానికి పనికిరాదని ఎవరనగలరు?

మొన్న ఆ కుర్రవాడు మా వద్దకు వచ్చి, ఎదురెదురు పిస్టన్ల ఊపు ఎట్లా సరిపోతుందో లెక్క కట్టిన కాగితం చూపినాడు. దానిని తాతగారికి చదివి వినిపించినావా అని అడిగితే, "ఆయనకు కొసైన్లు తెలియవు సార్" అన్నాడు. కొసైను అనకుండా చెప్పి చూడుమన్నాము. ఆ రాత్రి షెడ్డులో ఇద్దరూ పాత ఆయిల్ ఇంజను ఫ్లైవీలును చేతితో తిప్పుతూ పదిదాకా కూర్చున్నారట. పిస్టను పై సగంలో ఎందుకు త్వరపడుతుందో తాతగారే తాడు, కర్ర ముక్కతో చేసి చూపినారట. అమ్మకం సంగతి ఇంకా తేలలేదు.

విద్యార్థులారా, మీ ఇండ్లలో పెద్దలు చేతితో తెలిసికొన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. మీరు పుస్తకంలో చదివినది వారికి అందలేదు. ఈ రెండింటినీ తెలుగులోనో, ఉర్దూలోనో ఒకచోట కూర్చోబెట్టగలవారు మీరే. తండ్రి వృత్తి అన్నచోట ఉన్న మాట వ్రాయండి. ఆయన ఏ శబ్దాన్ని విని ఏ దోషాన్ని చెప్పుతారో అడిగి, ఒక నోటు పుస్తకంలో వ్రాసి పెట్టండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. తమ మొదటి ఆయిల్ ఇంజనును నిలువునా కోసి, లోపలి భాగాలు కనబడేటట్టు రంగులు వేసి, మన ప్రయోగశాలకు ఉచితంగా ఇస్తామని మా మామయ్యగారు చెప్పినారు. దానిని నిలుపుటకు ఒక సిమెంటు దిమ్మె, ఏడాదికి ఒకటి రెండు పూటలు ఆయన వచ్చి పిల్లలకు చెప్పడానికి అనుమతి, ఇంతమాత్రమే కావలెను. షెడ్డు సంగతి ఎట్లు తేలినను, ఆయన ఆరోగ్యంగా ఉన్న ఈ సంవత్సరమే ఆ పని జరుగగలదని ఆశించుచున్నాము.